మానవీయ శాస్త్రాలు, డేటా సైన్స్ కలిపి పీజీ: విజయవాడ, గుంటూరు విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు కళాశాలల్లో డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవారు, బీటెక్ ముగించి సాహిత్యం వైపో చరిత్ర వైపో చూస్తున్నవారు, అప్పుడప్పుడూ వారి తల్లిదండ్రులు అడిగిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. దరఖాస్తు తేదీలు, ఫీజులు ఏటా మారుతుంటాయి కనుక వాటిని ఆయా విశ్వవిద్యాలయాల ప్రకటనల్లోనే చూసుకోవాలి.

ఈ చదువులో అసలు ఏం చేస్తారు?

సాహిత్యం, చరిత్ర, భాషాశాస్త్రం, పురావస్తు శాస్త్రం వంటి విభాగాల్లో పుట్టిన ప్రశ్నలకు ప్రోగ్రామింగ్, గణాంక శాస్త్రాల సాయంతో జవాబులు వెతుకుతారు. చాలా విశ్వవిద్యాలయాలు దీనిని డిజిటల్ హ్యుమానిటీస్ అంటాయి. నిర్వచనం కంటే ఉదాహరణ త్వరగా అర్థమవుతుంది కాబట్టి మన ప్రాంతానిదే ఒకటి తీసుకుందాం. ‘క్రీడాభిరామం’ వినుకొండ వల్లభరాయని పేరుతో ప్రసిద్ధమైన కావ్యం. అది నిజానికి శ్రీనాథుడి రచన అని వాదించిన పండితులు ఉన్నారు. శైలి, పదప్రయోగాలు, పద్యాల పోలికలు చూపి ఇరుపక్షాలూ వాదించాయి. ఇదే ప్రశ్నను డిజిటల్ హ్యుమానిటీస్ విద్యార్థి చేపడితే, శ్రీనాథుడివని ఎవరూ కాదనని ‘శృంగార నైషధం’, ‘కాశీఖండం’ వంటి కావ్యాల్లో ఏ పదాలు, ఏ ప్రత్యయాలు, ఏ ఛందస్సులు ఎంత తరచుగా వస్తాయో లెక్కగట్టి, ‘క్రీడాభిరామం’ ఆ అలవాట్లకు ఎంత దగ్గరగా ఉందో, అదే కాలపు ఇతర కవుల అలవాట్లకు ఎంత దగ్గరగా ఉందో పోల్చి చూస్తాడు.

అమెరికాలో మోస్టెల్లర్, వాలెస్ అనే ఇద్దరు గణాంక శాస్త్రజ్ఞులు, ఆ దేశ రాజ్యాంగాన్ని సమర్థిస్తూ మారుపేరుతో వెలువడిన ‘ఫెడరలిస్ట్’ వ్యాసాల మీద ఇలాంటి పనే చేసి 1964లో ప్రచురించారు. హామిల్టన్ రాశాడా, మాడిసన్ రాశాడా అని వివాదంలో ఉన్న 12 వ్యాసాలు మాడిసన్‌వేనని, ప్రధానంగా చిన్న చిన్న పదాల వాడకాన్ని లెక్కగట్టి తేల్చారు. ‘అపాన్’ (upon) అనే మాటను హామిల్టన్ విరివిగా వాడతాడు, మాడిసన్ అరుదుగా వాడతాడు. అయితే ఆ పద్ధతిని ఉన్నదున్నట్టుగా తెచ్చి శ్రీనాథుడి మీద పెట్టడం కుదరదు. ఇంగ్లీషులో విడిగా నిలిచే చిన్న పదాలు చేసే పనిని తెలుగులో చాలావరకు ప్రత్యయాలు చేస్తాయి. అవి నామానికి అంటుకొని, సంధిలో కలిసిపోయి ఉంటాయి. పైగా పద్యంలో పదాన్ని ఎంచేది కవి ఒక్కడే కాదు, గణమూ యతీ ప్రాసా కూడా ఎంచుతాయి. ‘క్రీడాభిరామం’ చిన్న కావ్యం కనుక లెక్కకు దొరికే పదాలూ తక్కువే. ఈ చిక్కులను ముందుగా పసిగట్టగలవాడికే ఆ లెక్క పనికివస్తుంది. పసిగట్టడానికి కావలసింది కావ్యాలు చదివిన అనుభవం.

ఇది ఏఐ పుణ్యమా అని నిన్నమొన్న పుట్టుకొచ్చిన కోర్సా?

కాదు. ఇటలీకి చెందిన రాబర్టో బూసా అనే ఫాదరీ 1949లో ఐబీఎం సంస్థ అధిపతిని కలిసి, మధ్యయుగపు క్రైస్తవ తత్త్వవేత్త థామస్ అక్వినాస్ రచనలన్నింటికీ యంత్రాలతో పదసూచిక తయారు చేయడానికి సాయం అడిగాడు. కోటికి పైగా పదాలున్న ఆ పని అచ్చులోకి పూర్తిగా రావడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది. బూసా జెస్యూట్ సంఘంవాడు. విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాల కూడా ఆ సంఘం నెలకొల్పిందే. డిజిటల్ హ్యుమానిటీస్ అనే పేరు మాత్రం 2004 తర్వాతే స్థిరపడింది.

నాది హెచ్‌ఈసీ, తర్వాత బీఏ. లెక్కలు పదో తరగతితోనే ఆగిపోయాయి. నేను చేయగలనా?

చేయగలరు. మొదటి సంవత్సరానికి కావలసిన గణితం తక్కువ: సగటు, విస్తరణ, సంభావ్యత, నమూనా సేకరణ, రెండు సమూహాల మధ్య కనిపించిన తేడా నిజమైనదా యాదృచ్ఛికమా అని పరీక్షించే పద్ధతి. దీనికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష తోడవుతుంది. రోజుకు గంట చొప్పున నాలుగైదు నెలలు కూర్చుంటే ఒక ఫైలు తెరిచి, పదాలు విడదీసి, లెక్కించి, పట్టిక వేయడం వస్తుంది. మెషీన్ లెర్నింగ్ లోతుల్లోకి వెళ్లదలిస్తే లీనియర్ ఆల్జీబ్రా కావాలి, కాని అది ఆ అవసరం వచ్చినప్పుడు నేర్చుకోవచ్చు.

ఇంటర్ అంటే ఎంపీసీ, బైపీసీ తప్ప మరొకటి గుర్తుకురాని ఈ రెండు ఊళ్లలో, హెచ్‌ఈసీ చదివినవారు తమను తాము తక్కువ చేసుకొని మాట్లాడడం తరచుగా వింటుంటాను. ఈ రంగంలో ఆ బెరుకు అక్కరలేదు. బీఏ చదివినవారు పైథాన్ నేర్చుకోవడానికి పట్టే సమయం కంటే, బీటెక్ చదివినవారు ఒక శాసనాన్ని సందర్భంతో సహా చదవడం నేర్చుకోవడానికి పట్టే సమయమే ఎక్కువ.

నాది బీటెక్ కంప్యూటర్ సైన్స్. నేను ఏం నేర్చుకోవాలి?

చదవడం. ఒక కాలాన్నో ఒక కవినో ఒక రకం పత్రాలనో ఎంచుకొని, దాని మీద వచ్చిన విమర్శను, పీఠికలను, పరిష్కర్తల వివాదాలను ఏడాదిపాటు చదవాలి. సాధనం చేతిలో ఉంది కదా అని దేనికో దానికి వాడి చూపే ప్రాజెక్టులను ఎంపిక సంఘాలు మొదటి పేజీలోనే పట్టేస్తాయి.

తెలుగు గ్రంథాల మీద పని చేయాలంటే ఎదురయ్యే ఇబ్బందులు ఏమిటి?

మొదటిది, పాఠం యంత్రానికి అందే రూపంలో ఉండకపోవడం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ద్వారా వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి, కాని స్కాన్ అంటే బొమ్మ మాత్రమే. బొమ్మ నుంచి అక్షరాలను గుర్తించే ఓసీఆర్ సాధనాలు, ఉదాహరణకు టెసెరాక్ట్, తెలుగుకు పనిచేస్తాయి. ఈనాటి అచ్చు మీద ఫలితం బాగానే ఉంటుంది. నూరేళ్ల నాటి అచ్చు మీద పెట్టినప్పుడు అసలు కష్టం తెలుస్తుంది. అరసున్న ఎగిరిపోతుంది, బండి ఱ మరో అక్షరమవుతుంది, కింది వత్తు తరువాతి పంక్తిలోకి జారిపోతుంది, వలపలగిలకను (పాత రాతలో ‘ర్’ శబ్దానికి అక్షరం తర్వాత పెట్టే గుర్తు) యంత్రం తెలుగు తొమ్మిది అంకెగా చదువుతుంది. నకారపొల్లుకు (పాత అచ్చులో ‘న్’కు వాడిన ప్రత్యేక రూపం) యూనికోడ్‌లో, అంటే ప్రతి అక్షరానికీ యంత్రం గుర్తించే సంకేతాన్నిచ్చే ప్రమాణంలో, విడిగా చోటు దొరికింది 2021లోనే.

రెండో ఇబ్బంది ఈ కాలపు పుస్తకాలతో వస్తుంది, ఇది విజయవాడవారికి బాగా తెలిసినదే. ఇక్కడి డీటీపీ కేంద్రాల్లో ఏళ్ల తరబడి ‘అను’ అనే పాత తరహా ఫాంట్లతో కూర్చిన పుస్తకాలు యూనికోడ్‌లో లేవు. ఫైలు ప్రచురణకర్త దగ్గర భద్రంగా ఉన్నా, దాన్ని తెరిచి పాఠాన్ని తీస్తే అర్థంలేని రోమన్ అక్షరాలు వస్తాయి. మార్పిడి సాధనాలు ఉన్నాయి. మార్చిన తర్వాత ప్రూఫ్ దిద్దక తప్పదు. అచ్చు పుస్తకాన్ని స్కాన్ చేయడం కంటే ఆ పాత ఫైళ్లను సంపాదించడం ఎన్నో రెట్లు మేలని నా అభిప్రాయం. ఏలూరు రోడ్డు వైపు ప్రచురణకర్తలతో పరిచయం ఉన్న విద్యార్థికి లండన్ విద్యార్థికి లేని సౌకర్యం ఉన్నట్టే.

మూడోది భాష స్వభావం నుంచి వచ్చేది. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. పైథాన్‌ను దాని పొడవు అడిగితే 6 అంటుంది, ఎందుకంటే స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకారం అన్నీ యూనికోడ్‌లో వేర్వేరు సంకేతాలు. అక్షరాల్ని లెక్కించే ప్రోగ్రాం రాసి, ఉత్పలమాల పాదంలో ఇరవై అక్షరాలు రావడం లేదేమిటని తల పట్టుకున్నవారిని చూశాను. అలాగే ‘ఊరు’ అని వెతికితే ‘ఊరికి’, ‘ఊళ్లో’ దొరకవు. ‘ఏమన్నాడు’ ఒక పదమా రెండు పదాలా అన్నది యంత్రం తేల్చేది కాదు. వ్యాకరణం తెలిసిన మనిషి ఒక నియమం పెట్టి, ఆ నియమాన్ని రాసిపెట్టి, మొదటి నుంచి చివరి దాకా దానికే కట్టుబడాలి.

నాకు సాహిత్యం కంటే చరిత్ర ఇష్టం. చరిత్రలో డేటా ఎక్కడిది?

మన జిల్లాల్లో ఉన్నంత సామగ్రి చాలాచోట్ల లేదు. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ 1797లో అమరావతి దీపాలదిన్నెను (అక్కడి బౌద్ధ స్తూపం) చూశాడు. 1821లో చనిపోయే నాటికి ఆయన, ఆయన దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, ఇంకా ఎందరో సహాయకులు కలిసి ఊరూరి చరిత్రలను సేకరించారు. గ్రామ కైఫియత్తులంటే ఇవే. ఊరికి ఆ పేరెలా వచ్చింది, ఏ దేవాలయానికి ఎవరు ఎంత భూమి ఇచ్చారు, ఎవరి తర్వాత ఎవరు పాలించారు అన్న వివరాలు వాటిలో ఉంటాయి. గుంటూరు ప్రాంతపు కైఫియత్తులు అచ్చయ్యాయి కూడా.

వీటిని ఒక పట్టికగా మార్చాలనుకోండి. మొదటి నిలువు వరుస ఊరి పేరు, రెండోది సంవత్సరం. రెండో వరుస దగ్గరే పని ఆగిపోతుంది. ఒక పత్రంలో ‘నందన’ అని మాత్రమే ఉంటుంది. డొక్కల కరువు గుంటూరు సీమను ఊడ్చేసిన 1832–33 నందన నామ సంవత్సరమే, అందుకే దాన్ని నందన కరువు అంటారు. కాని నందన 1772లోనూ వచ్చింది, 1892లోనూ వచ్చింది. అరవై ఏళ్లకొకసారి వస్తూనే ఉంటుంది. మరో పత్రం శాలివాహన శకం చెబుతుంది, దానికి 78 కలపాలి. రెవెన్యూ కాగితం ఫసలీ చెబుతుంది, దానికి 590 కలపాలి, అప్పుడు కూడా ఆ సంవత్సరం జూలైలో మొదలై మరుసటి జూన్‌లో ముగుస్తుందని గుర్తుపెట్టుకోవాలి. ఇవన్నీ ఒకే వరుసలో నాలుగంకెల సంఖ్యగా రాసేస్తే పట్టిక శుభ్రంగా కనిపిస్తుంది, చరిత్ర మాత్రం తప్పవుతుంది. అసలు పత్రంలో ఉన్న మాట ఒక వరుసలో, మీరు లెక్కగట్టిన సంవత్సరం మరో వరుసలో, ఆ లెక్క మీద మీకున్న నమ్మకం ఎంతో ఇంకో వరుసలో ఉండాలి.

భూమి కొలతలూ ధాన్యం కొలతలూ ఇంతే. పుట్టి అంటే ఎంత అన్నది ప్రాంతాన్ని బట్టి మారుతుంది. జిల్లాలు చూడబోతే, గుంటూరు జిల్లా ఏర్పడిందే 1904లో. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో మొదలైనప్పుడు ఆ ఊరు గుంటూరు జిల్లాది. 1970లో ఒంగోలు జిల్లాకు పోయింది, 1972లో ఆ జిల్లా ప్రకాశం అయింది, 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా. ఊరు కదలలేదు కానీ చిరునామా మూడుసార్లు మారింది. వందేళ్ల జనాభా లెక్కలను ‘గుంటూరు జిల్లా’ అనే ఒకే పేరు కింద పేర్చి గ్రాఫు గీసినవాడు, జనం తగ్గారని చెప్పేది నిజానికి సరిహద్దు జరిగిన సంగతి. డేటా శుద్ధి అని పాఠ్యపుస్తకాలు ఒక అధ్యాయంలో ముగించే పని మానవీయ శాస్త్రాల్లో సగం పరిశోధన.

మన దేశంలో ఎక్కడ చదవవచ్చు?

ఐఐటీ జోధ్‌పుర్ డిజిటల్ హ్యుమానిటీస్ పేరుతోనే ఎం.ఎస్సీ. అందిస్తోంది. కోల్‌కతా జాదవ్‌పుర్ విశ్వవిద్యాలయంలో స్కూల్ ఆఫ్ కల్చరల్ టెక్స్ట్స్ అండ్ రికార్డ్స్ 2003 నుంచి ఉంది. రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల చేతిరాత ప్రతులు, అచ్చు ప్రతులు, వాటి పాఠభేదాలు అన్నీ ఒకచోట చూపే ‘విచిత్ర’ అనే ఆన్‌లైన్ భాండారం అక్కడిదే. ఒక తెలుగు కవికి అలాంటిది ఎందుకు లేదన్న ప్రశ్న దాన్ని చూసిన ప్రతిసారీ నాకు కలుగుతుంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో భాషా సాంకేతికత మీద పెద్ద పరిశోధన కేంద్రం ఉంది. ఇంటర్ తర్వాత చేరే ద్వంద్వ పట్టా కోర్సుల్లో కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్, హ్యూమన్ సైన్సెస్ ఉన్నాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అనువర్తిత భాషాశాస్త్రం, అనువాద అధ్యయనాల కేంద్రం ఉంది, అక్కడి ఎం.ఏ. ప్రవేశాలు సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా జరుగుతాయి.

ఊరు విడిచి వెళ్లలేనివారికి మరో దారి ఉంది. ఏపీ పీజీసెట్ రాసి నాగార్జున విశ్వవిద్యాలయంలో తెలుగు, చరిత్ర వంటి సంప్రదాయ ఎం.ఏ. చేస్తూ, పైథాన్, గణాంకాలు ఆన్‌లైన్‌లో నేర్చుకొని, చిన్న సిద్ధాంత వ్యాసాన్ని ఈ పద్ధతిలో రాయవచ్చు. పట్టా మీద పేరు మారదు, చేతిలో పని మాత్రం ఉంటుంది. నిజం చెప్పాలంటే, ఈ దారిలో వచ్చినవారి పనిలో విషయ పరిజ్ఞానం ఎక్కువగా కనిపిస్తుంది.

విదేశాల సంగతి?

లండన్‌లో కింగ్స్ కాలేజీకి డిజిటల్ హ్యుమానిటీస్ కోసం ప్రత్యేక శాఖే ఉంది. యూసీఎల్‌లోనూ మాస్టర్స్ ఉంది. అక్కడ పూర్తికాల మాస్టర్స్ ఒక్క ఏడాదే కనుక ఏమీ రాకుండా వెళ్లి అక్కడ మొదలుపెట్టడానికి సమయం చాలదు. చదువు తర్వాత ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గుతుంది. అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయంలో భాష, సంస్కృతి, చరిత్రల డిజిటల్ అధ్యయనం పేరుతో ఎం.ఏ. ఉంది, ఖర్చు మాత్రం భారీ.

జర్మనీలో లైప్‌జిగ్, వూర్ట్స్‌బుర్గ్, ట్రియర్, స్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయాల్లో ఈ రంగం బలంగా ఉంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో బోధనా రుసుము చాలాచోట్ల లేదు, కాని స్టుట్‌గార్ట్ ఉన్న బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రం 2017 నుంచి మనవంటి విదేశీయుల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు వసూలు చేస్తోంది. ఫీజు లేదని విన్నవారు తరచుగా మరిచిపోయే విషయం మరొకటి: బోధన ఎక్కువగా జర్మన్‌లో ఉంటుంది. వీసా కోసం మన సర్టిఫికెట్లు సరైనవేనని నిర్ధారించే ఏపీఎస్ ధ్రువపత్రం 2022 నవంబరు నుంచి తప్పనిసరి.

పీహెచ్‌డీ చేయాలంటే యూజీసీ నెట్ (జాతీయ అర్హత పరీక్ష)లో ఏ సబ్జెక్టు రాయాలి?

డిజిటల్ హ్యుమానిటీస్ పేరుతో విడి పేపరు లేదు. మీ పీజీని బట్టి తెలుగు, చరిత్ర, భాషాశాస్త్రం, కంప్యూటర్ సైన్స్ వంటివాటిలో ఒకటి ఎంచుకోవాలి. 2024 జూన్ నుంచి నెట్ స్కోరునే పీహెచ్‌డీ ప్రవేశానికీ వాడుతున్నారు. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000. నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీలో 75 శాతం ఉంటే పీజీ లేకుండానే పీహెచ్‌డీకి అర్హత ఉంది, కాని ఈ రంగంలో అంత తొందర మంచిది కాదు.

దరఖాస్తుతో పాటు పంపే ఉద్దేశ పత్రంలో ఏం రాయాలి?

మీకు డేటా అన్నా సాహిత్యం అన్నా చిన్నప్పటి నుంచీ ఇష్టమని రాయకండి. ఒక ప్రశ్న రాయండి, దాని మీద చేసిన చిన్న పని చూపండి. ఉదాహరణకు: పత్రికల్లో ‘బెజవాడ’ అనే మాట తగ్గి ‘విజయవాడ’ ఎప్పుడు స్థిరపడింది? కృష్ణాపత్రిక 1902లో మొదలైంది. పాత పత్రికల సంచికలు ప్రెస్ అకాడెమీ స్కాన్ చేసినవి ఉన్నాయి, వేటపాలెంలో కాగితం మీదా ఉన్నాయి. ఐదేళ్లకొక నెల చొప్పున సంచికలు తీసుకొని లెక్కించండి. అప్పుడు అసలు ప్రశ్నలు మొదలవుతాయి. వార్త రాసినవారు ఒక పేరు వాడి, ప్రకటన ఇచ్చిన దుకాణదారు మరో పేరు వాడితే దేన్ని లెక్కించాలి? రైల్వే స్టేషన్ పేరుగా వచ్చినప్పుడు దాన్ని విడిగా పెట్టాలా? ఈ నిర్ణయాలు ఎలా తీసుకున్నారో రెండు పేరాల్లో వివరించిన పత్రం, పది ఆన్‌లైన్ సర్టిఫికెట్ల కంటే బలంగా నిలబడుతుంది.

పుస్తకాలను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టవచ్చా?

రచయిత చనిపోయిన సంవత్సరం చూడాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. ఆ 60 ఏళ్లు మరణించిన మరుసటి జనవరి నుంచి లెక్క. గుంటూరు ఉన్నవ లక్ష్మీనారాయణ 1958లో చనిపోయారు కనుక ‘మాలపల్లి’ 2019 నుంచి అందరిదీ. జాషువా 1971లో పోయారు, ఆయన రచనలకు 2031 చివరిదాకా హక్కులు ఉంటాయి. విశ్వనాథ సత్యనారాయణ 1976లో పోయారు, అంటే 2036 చివరిదాకా. పాత కావ్యానికి ఈమధ్య ఎవరైనా రాసిన పీఠికకూ వ్యాఖ్యానానికీ విడిగా హక్కులుంటాయన్నది మరవకూడదు. సొంత పరిశోధన కోసం వాడుకోవడానికి చట్టంలో మినహాయింపు ఉంది. లెక్కల ఫలితాలను ప్రచురించడం వేరు, మొత్తం పాఠాన్ని అందరికీ పంచడం వేరు.

చాట్‌బాట్లే అన్నీ చెబుతున్నాయి కదా, ఈ చదువు ఇంకా ఎందుకు?

ఓసీఆర్ తప్పులు దిద్దడంలో, ప్రోగ్రాం రాయడంలో అవి నిజంగా సాయపడతాయి; వాడండి. అయితే లేని అరసున్నను చేర్చి, పాత మాటను కొత్త మాటగా ‘సరిదిద్ది’ అచ్చం నిజంలా కనిపించే పాఠాన్ని కూడా అవి ఇస్తాయి. ఉత్పలమాల రాయమంటే రాస్తాయి; పదో అక్షరం దగ్గర యతి కుదిరిందా అన్నది చూడవలసింది మీరే. ఆ యతిని తనిఖీ చేసే ప్రోగ్రాం నలభై పంక్తుల్లో రాయవచ్చు. మొదటి వేసవి సెలవులకు అది మంచి పని.

ఉద్యోగాలు ఉన్నాయా? ఇంట్లో ఇదొక్కటే అడుగుతున్నారు.

డిజిటల్ హ్యుమానిటీస్ అనే పదవి పేరుతో విజయవాడలో ప్రకటన వెలువడే అవకాశం తక్కువ. ఆ మాట ముందే చెప్పడం మంచిది. ఈ నైపుణ్యాలు అవసరమయ్యే పనులు మాత్రం ఉన్నాయి: భాషా సాంకేతిక సంస్థల్లో తెలుగు డేటా తయారీ, నాణ్యత పరిశీలన, పత్రికల్లో డేటా జర్నలిజం, గ్రంథాలయాలు, పురావస్తు భాండాగారాల డిజిటలీకరణ, ప్రచురణ, బోధన. కేంద్రం 2022లో ప్రారంభించిన భాషిణి అనే భాషా అనువాద వేదిక, 2025–26 బడ్జెట్‌లో కోటికి పైగా తాళపత్రాలు, చేతిరాత ప్రతుల సంరక్షణకు ప్రకటించిన జ్ఞాన భారతం ఈ దిశలోనివే. వీటిలో చాలా ఉద్యోగాలు కాంట్రాక్టు పద్ధతిలో, ప్రాజెక్టు ఉన్నంతకాలమే ఉంటాయి. విద్యారుణం పెద్దదైతే, డేటా విశ్లేషకుడిగా మామూలు ఉద్యోగం చేయగల స్థాయికి గణాంకాలు నేర్చుకోవడం అవసరం. అమ్మానాన్నలకు ఈ లెక్క కాగితం మీద వేసి చూపండి. మంచి మాటల కంటే అది ఎక్కువ పనిచేస్తుంది.

ల్యాప్‌టాప్ ఎలాంటిది కొనాలి?

ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న మామూలుది మొదటి ఏడాదికి చాలు. మిగిలిన డబ్బుతో ఒక బాహ్య హార్డ్‌డిస్క్ కొనండి. స్కాన్ చేసిన పుస్తకాల బొమ్మలు అనుకున్నదాని కంటే చాలా చోటు తింటాయి, వాటిని రెండు చోట్ల దాచాలి.